రైలులో ఇద్దరికి మాత్రమే భోజనం: తిరుపతి నుంచి ఏ బండి ఎక్కాలి?

అలిపిరి మల్లి
సెప్టెంబరు చివర్లో మా పెళ్ళిరోజు. ఈసారి పదో ఏడు. ఈ మధ్య ఒక వీడియో చూశాను. కొండల మధ్య నింపాదిగా పోయే రైలు, తెల్లటి గుడ్డ పరిచిన చిన్న బల్ల, ఎదురెదురుగా ఇద్దరే, పక్కన గోడంత కిటికీ. ఒక వంటకం తిన్నాక ఇంకొకటి తెచ్చి పెడుతున్నారు. చూసినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. మా ఆయనకు చూపిస్తే ఆసాంతం చూసి, "వందే భారత్‌లో కూడా భోజనం పెడతారు, కిటికీ కూడా ఉంటుంది" అన్నారు. మదనపల్లెలో టమాటా మండీ ఆయనది. లోకంలో ప్రతిదీ బాక్సుల లెక్కలోనే కనిపిస్తుంది.

సెప్టెంబరు చివర అంటే బ్రహ్మోత్సవాల రోజులు. తిరుపతిలో సొంత ఇల్లున్న వాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. పెళ్ళిరోజు ఉదయం నేను ఎవరెవరికో ఉప్మా కలుపుతూ, దర్శనం టికెట్లు దొరకలేదని మాటలు పడుతూ ఉంటాను. అందుకే ఆ వారం ఊళ్ళో ఉండదలచుకోలేదు. పాప పుత్తూరులో అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ఇద్దరికీ కలిపి అరవై వేలు దాటకూడదు, విదేశాలు కుదరవు. పైగా పెరటాసి నెల, మా ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టరు. ఇలాంటి రైలు మన దేశంలో ఉందా?

తోతాపురి
మీ ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది? భోజనం ఉంది, కిటికీ ఉంది, భార్య పక్కనే ఉంది.

కాణిపాకం కోడలు
తోతాపురి గారూ, మీకు ఇంకా పెళ్ళి కాలేదని అందరికీ అర్థమైంది.

గోవిందరాజ వీధి
వందే భారత్‌ను అంత తేలికగా తీసిపారేయకండి. సికింద్రాబాద్ బండి 2023 ఏప్రిల్‌లో మొదలైంది. తిరుపతిలో మధ్యాహ్నం మూడు దాటాక బయలుదేరుతుంది, రాత్రి భోజనం దారిలోనే పెడతారు. ఎగ్జిక్యూటివ్ తరగతి తీసుకుంటే కుర్చీని పూర్తిగా వెనక్కు తిప్పుకోవచ్చు. కాస్త తిప్పి కిటికీ వైపు ఆపుకుంటే ఇద్దరూ బయటికి చూస్తూ కూర్చోవచ్చు.

అలిపిరి మల్లి
అందులో వెళ్ళానండీ. భోజనం రేకు మూతల పెట్టెల్లో ట్రే మీద వచ్చింది. మేము మూతలు తీస్తుండగానే వెనుక సీటులో పిల్లవాడికి వాంతి అయింది. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. కానీ ఆ రోజును పెళ్ళిరోజుగా గుర్తుపెట్టుకోలేను కదా.

కుప్పం టు కాలిఫోర్నియా
మల్లి గారు చూసిన వీడియో బహుశా మా వైపుదే. నాపా లోయలో వైన్ రైలు ఒకటి నడుస్తుంది. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళాను, అందుకని కాస్త విడమరిచి చెప్పగలను.

నాపా ఊళ్ళో ఎక్కిస్తారు, ద్రాక్షతోటల మధ్య సెయింట్ హెలీనా దాకా తీసుకెళ్ళి మళ్ళీ ఎక్కిన చోటే దింపుతారు. రానూపోనూ 36 మైళ్ళు, మూడు గంటలు. మన పాకాల పాసింజరు కూడా దీనికంటే వడిగా పోతుంది. దాని వ్యాపారమే ఆ నింపాది. ఎక్కడికీ చేర్చని రైలుకు వేగం దేనికి? పట్టాలు 1860లలో వేసినవి, భోజనాల రైలు మాత్రం 1989లో మొదలైంది. బోగీలు 1915 ప్రాంతపు పుల్‌మన్ బోగీలు. లోపలంతా మెరుగుపెట్టిన మహాగని చెక్క, ఇత్తడి దీపాలు. 1952 నాటి అద్దాల గోపురం బోగీ ఒకటి ఉంది, దానికి ఎక్కువ తీసుకుంటారు. వంట రైలులోనే జరుగుతుంది. కొన్ని టికెట్ల మీద సగం భోజనం ఒక బోగీలో, మిగతా సగం ఇంకో బోగీలో పెడతారు. మధ్యలో లేచి మారేటప్పుడు మా నాన్న, "బంతి మారుతోందా?" అని అడిగారు.

శాకాహారం అని ముందే చెప్పి ఉంచాలి. మాకు గుమ్మడి, పుట్టగొడుగులు వచ్చాయి. బాగానే ఉన్నాయి. అమ్మ చేతిసంచిలోంచి నిమ్మకాయ ఊరగాయ బయటికి వచ్చాక ఇంకా బాగున్నాయి.

అసలు సంగతి ఒకటి ఎవరూ చెప్పరు. మేము రాత్రి భోజనం టికెట్టు తీసుకున్నాం, అదీ శీతకాలంలో. రైలు కదిలిన కాసేపటికే చీకటి పడింది. ఆ తరువాత కిటికీలో కనిపించింది మా నలుగురి ముఖాలూ, మా పళ్ళేలూ. ద్రాక్షతోట ఒక్కటీ కనబడలేదు. తోటలు చూడాలనుకునేవాళ్ళు మధ్యాహ్నం భోజనం టికెట్టు తీసుకోవాలి. వీడియోలు తీసేవాళ్ళు కూడా పగలే తీస్తారు, గమనించండి.

శ్రీకాళహస్తి కలంకారీ
"బంతి మారుతోందా" అన్నందుకు మీ నాన్నగారికి దండం.

తోతాపురి
వైన్ రైలులో అమ్మానాన్నలతో వైన్ తాగారా, నిమ్మకాయ ఊరగాయే తిన్నారా? ఆ వైన్ సంగతి కాస్త వివరంగా…

నిర్వాహకుడు
ఇది భోజనం గురించిన చర్చ. వైన్ గురించి వేరే చర్చ తెరవండి.

లెక్కల మాస్టారు
మల్లి గారి వర్ణనకు అక్షరాలా సరిపోయేవి మన దేశంలో లేకపోలేదు. బెంగళూరు నుంచి బయలుదేరే గోల్డెన్ చారియట్ ఉంది. 2008లో మొదలైంది, మధ్యలో ఆగి మళ్ళీ నడుస్తోంది. 40 గదులు, 80 మంది ప్రయాణికులు, రుచి, నల అని రెండు భోజనశాలల బోగీలు. నలుడి పేరు పెట్టారంటే ఆలోచించే పెట్టారు. ఒక దారిలో మైసూరు, కంచి, మహాబలిపురం, తంజావూరు, చెట్టినాడు, కేరళ చుట్టి వస్తుంది. పెరటాసి నెలకు అడ్డేమీ రాదు, శాకాహారం దండిగా ఉంటుంది. ఒక్కటే ఇబ్బంది. ఐదు రాత్రుల ప్రయాణానికి మనిషికి నాలుగు లక్షల దాకా అవుతుంది.

కాణిపాకం కోడలు
నాలుగు లక్షలా! ఇద్దరికీ ఎనిమిది! టమాటా కిలో వంద పలికిన ఏడాది అయితే చూడవచ్చు.

అలిపిరి మల్లి
ఈ ఏడాది అలా పలకలేదు అక్కా.

లెక్కల మాస్టారు
ఉత్తరాదిన ప్యాలెస్ ఆన్ వీల్స్ 1982 నుంచి, మహారాజాస్ ఎక్స్‌ప్రెస్ 2010 నుంచి ఉన్నాయి. ధరలు ఇంకా పైనే, కనుక వాటి జోలికి పోను.

నగరి నేత
అసలు రైలులో తినడంలో ఆ ఆనందం ఏమిటో నాకు అర్థం కాదు. ఊగుతుంది, చేతులు కడుక్కునే చోట నీళ్ళు ఉండవు, పక్కవాళ్ళ పులిహోర వాసన. అదే డబ్బుతో తిరుపతిలో ఒక మంచి హోటల్లో రాత్రి భోజనం చేసి, మరునాడు తలకోన వెళ్ళి రావచ్చు. కాచిగూడలో, గుంటూరులో పాత బోగీలను స్టేషన్ ఆవరణలోనే హోటళ్ళుగా మార్చారు. రైలులో తిన్నామన్న పేరూ ఉంటుంది, పులుసు చొక్కా మీద పడదు.

శ్రీకాళహస్తి కలంకారీ
కదలని బోగీలో తినడానికి రైలు ఎందుకండీ? కళ్యాణమండపం చాలు. మల్లి గారికి కావలసింది కిటికీలో లోకం కదలడం.

నగరి నేత
కళ్యాణమండపంలో ఏసీ ఉండదు.

పాకాల జంక్షన్
రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఈ చర్చ చదువుతుంటే ఊరుకోలేకపోయాను.

రైలులో బల్ల మీద భోజనం మనకు కొత్తేమీ కాదు. తెల్లవాళ్ళ కాలంలో మద్రాసు వైపు బండ్లలో, స్టేషన్లలో స్పెన్సర్ కంపెనీ వాళ్ళు భోజనాలు నడిపేవారు. అప్పటి బోగీల్లో చాలా వాటికి ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి దారి ఉండేది కాదు. భోజనం కావాలంటే బండి ఒక స్టేషన్లో ఆగినప్పుడు దిగి, భోజనాల బోగీ ఎక్కి, తిని, మరో స్టేషన్లో దిగి మళ్ళీ మన పెట్టెలోకి రావాలి. లేకపోతే ముందు స్టేషన్‌కు తంతి కొడితే అక్కడ వేడిగా సిద్ధం చేసి ఉంచేవారు. నేను ఉద్యోగంలో చేరేనాటికి అవన్నీ పోయాయి. మీటర్ గేజి రోజుల్లో పాకాలలో బండి ఆగితే ఆకులో ఇడ్లీలు, పైన కారప్పొడి. అదే మా దర్జా.

ఇప్పుడు మల్లి అమ్మాయికి పనికొచ్చే మాట. ఫస్ట్ ఏసీలో కూపే అని ఉంటుంది. రెండే బెర్తులు, తలుపు వేసుకోవచ్చు, కిటికీ దగ్గర చిన్న బల్ల. నలుగురి గదులూ ఉంటాయి కనుక టికెట్టు కొన్నప్పుడు ఏది వస్తుందో తెలియదు, చార్టు తయారయ్యేటప్పుడు వేస్తారు. దంపతులం, కూపే ఇప్పించండి అని ముందుగా రిజర్వేషన్ అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. వస్తుందని హామీ లేదు, కానీ అడిగినవాళ్ళకే వచ్చే అవకాశం ఎక్కువ. భోజనం ఇంటి నుంచి తీసుకెళ్ళవచ్చు, లేదా ఈ-కేటరింగ్‌లో ముందే చెప్పి దారిలోని స్టేషన్లో సీటు దగ్గరికే తెప్పించుకోవచ్చు.

ఒక్క హెచ్చరిక. వీడియోలో బల్ల మీద కొవ్వొత్తి ఉండే ఉంటుంది. మన రైలులో కొవ్వొత్తి కాదు కదా, అగ్గిపుల్ల కూడా గీయకూడదు. పొగ కనిపెట్టే యంత్రాలు ఉన్నాయి, మోగితే బండే ఆగవచ్చు.

తోతాపురి
పెళ్ళిరోజున కొవ్వొత్తి వెలిగించి బండి ఆపిన దంపతులు! మరునాడు పేపర్లో ఫోటోతో సహా.

అలిపిరి మల్లి
పెద్దాయన గారూ, కూపే సంగతి బాగుంది. అది రాత్రి బండి కదా, కిటికీలో ఏమీ కనిపించదేమో?

పాకాల జంక్షన్
కనిపించదు తల్లీ. కుప్పం అబ్బాయి నాపాలో చూసినదే, మన ముఖాలే. కూపేలో ఏకాంతం ఉంటుంది, దృశ్యం ఉండదు.

విశాఖ వియ్యంకుడు
దృశ్యం కావాలంటే అరకు. ఇన్ని జవాబులు వచ్చాయి, ఒక్కరూ అరకు మాట ఎత్తలేదంటే ఆశ్చర్యంగా ఉంది. విశాఖ నుంచి అరకు మీదుగా పోయే కిరండూల్ పాసింజరుకు 2017 ఏప్రిల్ నుంచి అద్దాల బోగీ తగిలిస్తున్నారు. పైకప్పులో కూడా అద్దాలే, కుర్చీలు తిరుగుతాయి. ఆ లైను బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేసింది. ఖనిజం కోసం కొండలు తొలిచారు, ఆ అందం మనకు దక్కింది. సొరంగం దాటితే లోయ, లోయ దాటితే సొరంగం. వానలు తగ్గీ తగ్గని సెప్టెంబరులో ఆకుపచ్చదనం చూడాలి. తిరుపతిలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాటి ఉదయానికి విశాఖ.

కాణిపాకం కోడలు
అరకు బండిలో భోజనం ఎవరు పెడతారు?

విశాఖ వియ్యంకుడు
భోజనం ఎవరూ పెట్టరు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అమ్ముతూ వస్తారు. దిగాక అరకులో బొంగు చికెన్ ఉంది.

కాణిపాకం కోడలు
పెరటాసి నెల అని ఆవిడ మొదటే చెప్పారు.

విశాఖ వియ్యంకుడు
మా వైపు పెరటాసి ఉండదు, అందుకే తట్టలేదు. పెసరట్లు కట్టుకుని వెళ్ళండి.

చిత్తూరు మిట్టూరు
నాది ఊటీ ఓటు. చిత్తూరు నుంచి కాట్పాడి గంట దూరం కూడా లేదు. రాత్రి అక్కడ నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే మేట్టుపాళయం, దిగగానే ఎదురుగా చిన్న రైలు. 46 కిలోమీటర్లు ఎక్కడానికి ఐదు గంటల దాకా పడుతుంది. పట్టాల మధ్య పళ్ళ కమ్మీ, ఇంజనుకు పళ్ళ చక్రం, రెండూ కరుచుకుంటూ ఎక్కుతాయి. 16 సొరంగాలు, 250 వంతెనలు, 2005లో యునెస్కో గుర్తింపు. నింపాదికి నింపాది, దృశ్యానికి దృశ్యం. నాపా రైలు కూడా దీని ముందు ఎక్స్‌ప్రెస్సే.

లెక్కల మాస్టారు
అందులోనూ భోజనం ఉండదు కదా? పాకాల జంక్షన్ గారు చెప్పిన పాతకాలపు బోగీల మాదిరే, ఒకదాని నుంచి ఇంకొకదానికి దారి లేదు. వడ్డించేవాడు రావాలన్నా కిటికీ పట్టుకుని వేలాడాలి.

చిత్తూరు మిట్టూరు
కూనూరులో ఆగుతుంది, అక్కడ టీ ఉంటుంది.

లెక్కల మాస్టారు
టీతో పెళ్ళిరోజా?

చిత్తూరు మిట్టూరు
నీలగిరి టీ అండీ. తక్కువగా చూడకండి.

వరదరాజ నగర్
మూడేళ్ళ క్రితం టూరు కంపెనీతో స్విట్జర్లాండ్ వెళ్ళాం. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించారు. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా ఎనిమిది గంటలు, 291 వంతెనలు, 91 సొరంగాలు. లోకంలోకెల్లా నెమ్మదైన ఎక్స్‌ప్రెస్ అని వాళ్ళే గొప్పగా చెప్పుకుంటారు. మధ్యాహ్నం భోజనం మన సీటు దగ్గరికే వస్తుంది. ఎత్తులో ఒబర్‌ఆల్ప్ కనుమ 2,033 మీటర్లు. అక్కడ వాలు ఎక్కేటప్పుడు పానీయం ఒలకకుండా కాడ వంకరగా ఉండే గ్లాసులు అమ్ముతారు. నేలను బట్టి గ్లాసును తిప్పుకోవాలన్నమాట. మా వారు రెండు కొన్నారు. ఇంట్లో నేల సమంగా ఉంది కనుక వాటిలో పోస్తే ఒలుకుతుంది. షోకేసులో పెట్టాం.

రైలు బ్రహ్మాండం. కానీ టూరు వాళ్ళు మమ్మల్ని ఇద్దరినీ వేరువేరు వరుసల్లో కూర్చోబెట్టారు. నాకు ఎదురుగా రాజమండ్రి నుంచి వచ్చిన పెద్దావిడ. ఎనిమిది గంటలూ వాళ్ళ కోడలి గురించి చెప్పారు. ఏ రైలయినా సీట్లు ఎలా వేస్తారో ముందే అడగండి మల్లి గారూ.

శ్రీకాళహస్తి కలంకారీ
ఆ కోడలు ఈ చర్చలో లేరు కదా?

కాణిపాకం కోడలు
మా అత్తగారిది కాణిపాకం. నన్ను అనుమానించకండి.

పుణెలో పూతలపట్టు
ఉద్యోగం వల్ల చాలాకాలంగా పుణెలో ఉంటున్నాను. ఇంతమంది చెప్పినా ఎవరికీ దక్కన్ క్వీన్ గుర్తు రాలేదు. 1930 జూన్ 1న మొదలైన బండి, పుణె, ముంబయి మధ్య. మామూలు టికెట్టుతో వెళ్ళి కూర్చుని, బల్ల మీద వడ్డించుకుని తినగల భోజనాల బోగీ ఉన్నది మన రోజువారీ బండ్లలో దీనికే. 2022లో బోగీలన్నీ కొత్తవి వేశారు, భోజనాల బోగీని మాత్రం తీసేయలేదు. తీసేస్తామంటే ఇక్కడివాళ్ళు ఊరుకోరు.

చాలామంది పొరపాటుగా సాయంత్రం బండి తీసుకుంటారు. ముంబయిలో ఐదు దాటాక బయలుదేరుతుంది. కర్జత్‌లో వెనుక నుంచి నెట్టే ఇంజన్లు తగిలిస్తారు, ఎందుకంటే అక్కడి నుంచి లోనావలా దాకా భోర్ ఘాట్, 37 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుడు. మే, జూన్‌లలో అయితే ఆ వేళకు ఇంకా వెలుతురు ఉంటుంది. సెప్టెంబరు చివర్లో కర్జత్ చేరేసరికే చీకటి. నాపా కథే మళ్ళీ.

మల్లి గారు తీసుకోవలసింది ఉదయం బండి. పుణెలో ఏడుంబావుకు బయలుదేరుతుంది, ఎనిమిది దాటాక లోనావలా, అక్కడి నుంచి ఘాట్ దిగడం. వానాకాలం చివర కనుక జలపాతాలు ఇంకా పారుతుంటాయి. సరిగ్గా ఆ సమయానికి భోజనాల బోగీలో కూర్చుని ఉండాలి. చీజ్ టోస్టు, కట్లెట్టు, టీ. చీజ్ టోస్టు కోసమే ఎక్కేవాళ్ళు ఉన్నారు. పెరటాసి నెలకు ఇబ్బంది లేదు, ఆమ్లెట్టు వద్దని చెబితే చాలు.

రేణిగుంటలో ముంబయి మెయిలు దారి బండి ఎక్కితే కడప, గుంతకల్లు, షోలాపూర్ మీదుగా నేరుగా పుణెలో దిగవచ్చు. ఎక్కడా మారనక్కరలేదు. ఖర్చు మీరు చెప్పిన అరవై వేలలో సగం కూడా కాదు, మంచి హోటల్లో దిగినా సరే.

నగరి నేత
రాత్రి భోజనం అడిగితే పొద్దున టోస్టు ఇస్తున్నారు.

పుణెలో పూతలపట్టు
ఘాట్ కావాలా, రాత్రి కావాలా? రెండూ కలిపి ఏ దేశంలోనూ ఎవరూ ఇవ్వలేరు. సూర్యుడు రైల్వే ఉద్యోగి కాడు.

లెక్కల మాస్టారు
అక్కడ ఎంతసేపు కూర్చోనిస్తారు? తెల్లటి గుడ్డ, ఒక్కో వంటకం ఒక్కోసారి, ఆ పద్ధతి ఉంటుందా?

పుణెలో పూతలపట్టు
అంత దర్జా ఉండదు, ఉందని చెప్పను. బల్ల ఉంటుంది, వడ్డించేవాడు ఉంటాడు, పింగాణీ కప్పులో టీ వస్తుంది. ఇతరులు ఎదురుచూస్తుంటారు కనుక తిన్నాక చాలాసేపు బైఠాయించడం మర్యాద కాదు. లోనావలాకు కాస్త ముందు వెళ్ళి, తాపీగా చెప్పి, తాపీగా తింటే ఘాట్ అంతా అక్కడే గడిచిపోతుంది. నేను అలాగే చేస్తాను.

వరదరాజ నగర్
పింగాణీ కప్పు అన్నారు చూశారా, అది చాలు. రైలులో కాగితపు కప్పు పట్టుకుంటే వేలు కాలుతుంది, టీ రుచి పోతుంది.

పాకాల జంక్షన్
పూతలపట్టు అబ్బాయి చెప్పింది సరైనది. నేను ఆ బండి ఎక్కాను, ఉద్యోగంలో ఉండగా. ఘాట్ దిగేటప్పుడు డ్రైవరు బ్రేకు మీద చేయి తీయడు. కొన్ని చోట్ల బండి పట్టు తప్పితే పక్కకు మళ్ళించి ఎత్తు మీదికి ఎక్కించి ఆపే పట్టాలు వేసి ఉంచారు. కిటికీలోంచి చూడండి, కనిపిస్తాయి. మీ ఆయనకు చూపించండి, మగవాళ్ళకు ఇలాంటివి నచ్చుతాయి.

కాణిపాకం కోడలు
పెళ్ళిరోజున బ్రేకుల గురించి మాట్లాడుకుంటారా పెద్దాయనా?

పాకాల జంక్షన్
మా ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడ వినేది.

తోతాపురి
నాకొక ఆలోచన. రైల్వే వాళ్ళు పెళ్ళిళ్ళకు బోగీ మొత్తం అద్దెకు ఇస్తారు కదా. మల్లి గారు ఒక బోగీ తీసుకుని, బల్ల వేసుకుని, తిరుపతి నుంచి ధర్మవరం దాకా…

లెక్కల మాస్టారు
బోగీకి 50 వేలు ముందుగా ధరావతు కట్టాలి, ఛార్జీ వేరే. నెల ముందు అర్జీ పెట్టాలి. అంతా చేసి, ఖాళీ బోగీలో ఇద్దరు కూర్చుని చింతపండు పులిహోర తింటే పొదుపు కింద లెక్క వేయాలా, దుబారా కింద వేయాలా?

శ్రీకాళహస్తి కలంకారీ
తిరుపతి వెస్ట్ దాటగానే ఎవరో ఒకరు, ఖాళీగానే ఉంది కదా అని ఎక్కేస్తారు.

అలిపిరి మల్లి
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఈ చర్చ అంతా మా ఆయనకు చదివి వినిపించాను. కూపే అంటే తల ఊపారు. అరకు అంటే తల ఊపారు. ఊటీ అంటే కూడా ఊపారు, ఫోను చూస్తూనే. పుణె అనగానే ఫోను పక్కన పెట్టి, "నారాయణగావ్ ఎంత దూరం?" అన్నారు. ఎవరో బంధువుల ఊరేమో అనుకున్నాను. అక్కడ పెద్ద టమాటా మార్కెట్టు ఉందట. ఎన్నో ఏళ్ళుగా చూడాలని ఉందట. "టికెట్లు చేయించు, వెళ్దాం" అన్నారు. పదేళ్ళలో నేను అడిగినదానికి ఇంత త్వరగా ఒప్పుకోవడం ఇదే మొదలు. నవ్వాలో కోప్పడాలో తెలియక ఊరుకున్నాను.

తోతాపురి
పెళ్ళిరోజు కానుకగా మహారాష్ట్ర టమాటా ఒక బాక్సు.

కాణిపాకం కోడలు
ఒప్పుకోండి మల్లీ. ఏ కారణంతో కదిలితే ఏమిటి, మనిషి కదిలాడు. మా ఆయనను ఇంటి వీధి దాటించడానికి క్రికెట్టు కావాలి.

నగరి నేత
నేను ఆయన పక్షం. నూలు ధర తెలుసుకోకుండా నేను కూడా ఏ ఊరూ వదిలిపెట్టను.

పుణెలో పూతలపట్టు
నారాయణగావ్ పుణె నుంచి నాసిక్ దారిలో 75 కిలోమీటర్లు, కారులో రెండు గంటలు. దాన్ని రెండో రోజుకు పెట్టుకోండి. రైలు రోజున పెట్టుకుంటే మీ వారి మనసు ఘాట్ మీద నిలవదు. మొదటి రోజు ఉదయం దక్కన్ క్వీన్‌లో ముంబయి, అదే బండిలో సాయంత్రం వెనక్కు. వెనక్కు వచ్చేటప్పుడు చీకటే కనుక ఆయన నిద్రపోయినా నష్టం లేదు.

రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుస్తారు. దసరా రోజులు కూడా దగ్గరే ఉంటాయి, తెరిచిన రోజే చేయించుకోండి. రేణిగుంట బండికి కూడా.

వరదరాజ నగర్
సీట్లు పక్కపక్కనే వచ్చాయో లేదో టికెట్టు వచ్చిన వెంటనే చూసుకోండి. రాజమండ్రి పెద్దావిడ ఎక్కడైనా ఉండవచ్చు.

అలిపిరి మల్లి
ఆయనకు ఒకటే షరతు పెట్టాను. ఘాట్ దిగేదాకా, చీజ్ టోస్టు పూర్తయ్యేదాకా ఫోనులో మార్కెట్టు ధరలు చూడకూడదు. కర్జత్ వచ్చాక ఆయన ఇష్టం. కర్జత్‌లో సిగ్నల్ ఉంటుందా అని అడిగారు. పూతలపట్టు గారూ, ఉంటుందా?

పుణెలో పూతలపట్టు
ఉంటుంది. ఘాట్ సొరంగాల్లో మాత్రం ఉండదు. మీ షరతు సగం రైల్వే వాళ్ళే చూసుకుంటారు.